బేస్ స్టేషన్ మనల్ని చూస్తుందా? ఒక ప్రచారానికి జవాబు

వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడుక్కుంటే కంప్యూటర్ గీసిన లోకంలో ఉన్నట్టు చూపే పరికరం) కొందామని నలుగురిని అడిగితే కనీసం ఇద్దరు ఈ మాట వినిపిస్తున్నారు: "గది మూలల్లో పెట్టే బేస్ స్టేషన్లు మనల్ని చూసి, ఎక్కడున్నామో కచ్చితంగా కొలుస్తాయి. హెడ్‌సెట్‌కే కెమెరాలు పెట్టిన ఇన్‌సైడ్-అవుట్ రకం ఉత్త అంచనా మీద నడుస్తుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి కంపెనీలు తెచ్చిన పద్ధతి అది. చెయ్యి వీపు వెనక్కి పెట్టి చూడు, దాని బండారం బయటపడుతుంది." ఎవరు మొదలుపెట్టారో గానీ బాగా పాకింది. చివరి వాక్యంలో చాలావరకు నిజముంది. మిగతావాటి సంగతి చూద్దాం.

"బేస్ స్టేషన్లు మనల్ని చూస్తాయి." చూడవు, వాటికి కెమెరాయే లేదు. 2016లో హెచ్‌టీసీ వైవ్‌తో వచ్చిన లైట్‌హౌస్ పద్ధతినే తీసుకోండి. మొదటి తరం స్టేషన్ నుంచి ముందుగా గదంతా పరుచుకునేలా ఒక ఇన్‌ఫ్రారెడ్ మెరుపు మెరుస్తుంది. ఆ వెంటనే లోపల తిరిగే రోటార్ ఒక లేజర్ గీతను గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఊడ్చినట్టు తిప్పుతుంది. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. వైవ్ హెడ్‌సెట్ పైన గుంటల్లా కనిపించేవి కాంతిని పసిగట్టే సెన్సర్లు, మొత్తం 32. మెరుపు తగలగానే అవి స్టాప్‌వాచ్ నొక్కినట్టు లెక్క మొదలుపెట్టి, గీత తమను తాకగానే ఆపుతాయి. రోటార్ సెకనుకు 60 చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు సుమారు 16.67 మిల్లీసెకన్లు. గీత 4.17 మిల్లీసెకన్లకు తాకిందంటే రోటార్ 90 డిగ్రీలు తిరిగిందన్నమాట. ఇలా ఒక్కో సెన్సర్‌కు ఒక్కో కోణం తెలుస్తుంది. హెడ్‌సెట్ మీద ఏ సెన్సర్ ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి, కోణాలన్నీ కలిపి తల ఎక్కడుందో కంప్యూటర్ తేలుస్తుంది.

పేరులోనే ఉంది కదా. దీపస్తంభానికి ఓడల గొడవ పట్టదు, తన పాటికి తను తిరుగుతుంటుంది. దాన్ని చూసి తానెక్కడున్నదో తెలుసుకోవాల్సింది ఓడే. నమ్మకం కుదరకపోతే బేస్ స్టేషన్ వెనక్కి తిప్పి చూడండి. కరెంటు వైరు ఉంటుంది గానీ కంప్యూటర్‌కు సమాచారం మోసుకెళ్లే వైరు ఉండదు. ఆ లెక్కన లైట్‌హౌస్ కూడా ఒకరకంగా ఇన్‌సైడ్-అవుటే (హెడ్‌సెట్టే బయటికి చూసి తన చోటు తెలుసుకునేది), గుర్తులు మాత్రం గది గోడలకు బిగించుకున్నాం.

నిజంగా బయటి నుంచి చూసే పద్ధతి వేరే ఉంది. అదే 2016లో వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్‌లో హెడ్‌సెట్ మీద ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు ఉంటాయి, బల్ల మీది కెమెరా వాటిని చూసి యూఎస్‌బీ వైరు గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. మొదటి ప్లేస్టేషన్ వీఆర్‌దీ ఇదే దారి, కాకపోతే దాని లైట్లు మన కంటికీ కనిపిస్తాయి. ప్రచారంలో ఈ రెండు పద్ధతుల్నీ ఒకే గాటన కట్టేశారు.

"ఒకటి కొలుస్తుంది, రెండోది అంచనా వేస్తుంది." అంచనా వేయని వీఆర్ హెడ్‌సెట్ లేదు. ఏ రకమైనా లోపల ఐఎంయూ ఉంటుంది, అంటే తల తిరిగే వేగాన్నీ త్వరణాన్నీ సెకనుకు వందల సార్లు చదివే చిప్పు. అసలు క్షణక్షణం బండి నడిపేది అదే. ఇబ్బంది ఎక్కడంటే, త్వరణం నుంచి స్థానం రాబట్టాలంటే రెండుసార్లు కూడుకుంటూ పోవాలి, తప్పు కూడా దానితోపాటే పెరుగుతుంది. త్వరణంలో సెకను వర్గానికి 0.01 మీటరు తేడా ఉందనుకోండి. అదేమంత అనిపిస్తుంది. పది సెకన్లు ఏ సాయమూ అందకపోతే మీరు అరమీటరు అవతల ఉన్నట్టు లెక్క తేలుతుంది! తల వాలును ఒక్క డిగ్రీ తప్పుగా అనుకున్నా భూమ్యాకర్షణలో కొంత కదలికగా నమోదై, మొదటి సెకనులోనే ఎనిమిది సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది.

అందుకని ఎవరో ఒకరు "బాబూ, నువ్వున్నది ఇక్కడ" అని పదేపదే సరిదిద్దాలి. లైట్‌హౌస్‌లో ఆ పని లేజర్ గీతది, హెడ్‌సెట్‌కే కెమెరాలున్న క్వెస్ట్ లాంటివాటిలో కెమెరాది. రెండు దిద్దుబాట్ల మధ్య సందును పూడ్చేది రెండిట్లోనూ ఐఎంయూనే. పైగా తెర మీద బొమ్మ పడేలోపు తల ఇంకాస్త కదులుతుంది కాబట్టి, కొన్ని మిల్లీసెకన్ల తరవాత తల ఎక్కడుంటుందో ఊహించి మరీ గీయాలి. ఇది అందరికీ తప్పదు.

ఇక కెమెరా చేసేదీ కొలతే. గదిలో బల్ల అంచు, తలుపు మూల, కుర్చీ కాలు లాంటి చుక్కల్ని పట్టుకుని, తల కదిలినప్పుడు అవి ఎంత జరిగాయో చూసి, త్రిభుజాల లెక్కతో గది పటం గీసుకుంటుంది. పట్టుకోవడానికి ఏదీ దొరకనప్పుడే చిక్కు. నా దగ్గర రెండే కెమెరాలున్న పాత హెడ్‌సెట్ ఒకటుంది. రెండు తెల్లగోడలు కలిసే మూలలో మొహం పెట్టి నిలబడితే ఎదురుగా ఉన్న మెనూ మెల్లగా పక్కకు జారిపోయేది. గోడకు రెండు న్యూస్‌పేపర్లు వంకరటింకరగా అంటించాను. ఆ దెబ్బతో జారడం ఆగిపోయింది. ఇప్పటికీ ఆ పేపర్లు తీయలేదు, ఇంట్లోవాళ్లు తిడుతూనే ఉన్నారు.

లైట్‌హౌస్‌కూ ఇలాంటి బలహీనత ఉంది, అద్దం. లేజర్ గీత అద్దం మీద పడి తిరిగొచ్చి, రాకూడని వేళలో సెన్సర్‌ను తాకుతుంది. ఆటలో కనిపించే చెయ్యి ఉన్నట్టుండి గాల్లో గెంతుతుంటే చాలామంది చేసే పని అల్మారా అద్దం మీద దుప్పటి కప్పడం.

"బేస్ స్టేషన్లది తిరుగులేని కచ్చితత్వం." చూపే చోటులో వణుకు లేకపోవడం వేరు, అది కచ్చితంగా ఉండటం వేరు. 2017లో ఐ-పర్సెప్షన్ పత్రికలో వైవ్ మీద ఒక అధ్యయనం వచ్చింది. కదలకుండా ఉంచితే వణుకు చాలా తక్కువేనని చెబుతూనే, వైవ్ అనుకునే నేల అసలు నేలకు కొద్దిగా వాలి ఉందనీ, ట్రాకింగ్ తెగి మళ్లీ అందుకున్నప్పుడు ఆ వాలు మారుతోందనీ తేల్చింది. ఆటకు అది పట్టింపే కాదు. పరిశోధనకు వాడేవాళ్లకు మాత్రం పెద్ద తలనొప్పే.

"చెయ్యి వెనక్కి పెడితే పని అయిపోయింది." ఇది ఒప్పుకోవాల్సిందే. కెమెరాకు కనిపించని కంట్రోలర్‌ను (చేతిలో పట్టుకుని ఆడే పరికరాన్ని) ఐఎంయూ ఎంతోసేపు మోయలేదని పైన చూశాం కదా. విల్లు ఆటలో తాడును చెంపదాకా లాగినప్పుడూ అంతే, కంట్రోలర్ కెమెరాకు మరీ దగ్గరైపోయో పక్కకు పోయో జారుకుంటుంది. కానీ చాటుపడటం బయటి కెమెరాకూ ఉంది. ఎదురుగా ఒక్క కెమెరాయే ఉంటే, మీరు వెనక్కి తిరగగానే మీ ఒళ్లే చేతుల్ని కప్పేస్తుంది. ఎదురెదురు మూలల్లో రెండు పెట్టమనేది అందుకే. 2022లో వచ్చిన క్వెస్ట్ ప్రో దీన్ని ఇంకోలా పరిష్కరించింది. ఒక్కో కంట్రోలర్‌కు మూడేసి కెమెరాలు పెట్టి, తన చోటు తనే వెతుక్కోమంది. వీపు వెనక పెట్టినా వాటికి గది కనిపిస్తూనే ఉంటుంది.

"అంతా ఖర్చు తగ్గింపే." ఖర్చూ ఒక కారణమే, కాదనను. అయితే 2019లో మొదటి క్వెస్ట్ నాలుగు కెమెరాలతో కంప్యూటర్ అవసరం లేకుండా వచ్చిందంటే ఈ పద్ధతి వల్లే. గోడకు స్క్రూలు బిగించాల్సి వస్తే దాన్ని పక్కగదికి కూడా తీసుకెళ్లలేం. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్ 2 కూడా బయటి కెమెరాను వదిలేసి హెడ్‌సెట్‌కే నాలుగు పెట్టుకుంది.

నడుముకు, పాదాలకు ట్రాకర్లు (ఒంటి కదలికను పట్టే చిన్న పరికరాలు) కట్టుకుని డాన్స్ చేసేవాళ్లు, చీకటి గదిలో ఆడేవాళ్లు నన్నడిగితే ఇప్పటికీ బేస్ స్టేషన్లే కొనమంటాను. కెమెరాకు ఎంతో కొంత వెలుతురు కావాలి, లేజర్‌కు అక్కర్లేదు. కొన్నాక ముందు ఆ అద్దం సంగతి చూసుకోండి.