ముందు మంచినీళ్లు

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక సరుకు పదేపదే కంటపడుతుంది. రోగనిరోధక శక్తిని పెంచుతామని చెప్పుకొనే పొట్లాలు, గొట్టాలు, వేలెడంత సీసాలు. వాటిలో ఉండేది బతికున్న బ్యాక్టీరియా, పేరు ప్రోబయాటిక్. జ్వరం తగ్గిన పిల్లవాడికీ అదే, గ్యాస్ అని వచ్చిన పెద్దాయనకూ అదే, ఒంట్లో నీరసమన్న ఇల్లాలికీ అదే. చీటీ అడిగే నాథుడు లేడు.

ఈ సరుకు వెనక ఉన్న శాస్త్రాన్ని కొట్టిపారేయలేం. కానీ పేగుల ఆరోగ్యమంటే దుకాణంలో కొనుక్కునే వస్తువు అన్న భావన స్థిరపడితే, ప్రభుత్వం చేయవలసిన పని జనం అడగడం మానేస్తారు. మా అభ్యంతరం అక్కడ.

శాస్త్రం చెప్పేదేమిటో ముందు చూద్దాం. మన రోగనిరోధక కణాల్లో దాదాపు 70 శాతం పేగుల చుట్టూనే మకాం వేసి ఉంటాయి. ఉండక తప్పదు. తిన్న తిండితో, తాగిన నీటితో ఎన్ని క్రిములు లోపలికి వచ్చినా, వాటికీ మన నెత్తురుకూ మధ్య అడ్డుగా ఉన్నది ఒకే ఒక్క వరస కణాల పొర. ఆ పొర కింద, ముఖ్యంగా చిన్నపేగు చివరి భాగంలో, పేయర్ ప్యాచెస్ అనే బొడిపెలు ఉంటాయి. వచ్చింది తిండా, ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియానా, రోగకారకమా అని ఆనవాలు పట్టే పని అక్కడ జరుగుతుంది. పేగు గోడలో తయారయ్యే ఐజీఏ అనే యాంటీబాడీలు జిగురులో కలిసి, క్రిములు గోడను పట్టుకోకుండా చేస్తాయి.

పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా ఈ ఏర్పాటుకు శిక్షణ ఇస్తుంది. 2016లో వేసిన ఒక లెక్క ప్రకారం ఒక మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. అసలు బ్యాక్టీరియాయే సోకకుండా ప్రయోగశాలలో పెంచిన ఎలుకలకు రోగనిరోధక వ్యవస్థ సరిగా ఎదగదని పరిశోధకులు ఏనాడో గమనించారు. మనకు అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారు చేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా రెచ్చిపోకుండా అదుపు చేసే టీ కణాలు పెరగడానికి కూడా ఈ ఆమ్లాలు తోడ్పడతాయి. దుకాణాల్లో రాసి ఉన్నట్టు ఈ శక్తి ఎంత పెరిగితే అంత మేలు అనుకోవడానికి లేదు. అది అదుపు తప్పితే ఉబ్బసం నుంచి కీళ్లవాతం దాకా జబ్బులు తెచ్చిపెడుతుంది.

పులిసిన పాలలోని బ్యాక్టీరియాకు ఆయుష్షుతో ముడిపెట్టినవాడు నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లో పుట్టిన ఇల్యా మెచ్నికోవ్. తెల్లరక్తకణాలు క్రిములను మింగడాన్ని కనిపెట్టినందుకు 1908లో నోబెల్ అందుకున్నాడు. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని నమ్మి, తానూ పుల్లని పాలు తాగేవాడు. ఆయన నమ్మినదంతా నిజం కాలేదు గాని, ఆ దారిలో ప్రపంచం నడిచింది. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ కలిసి 2001లో నిర్వచించాయి. తగిన మోతాదు, బతికి ఉండటం, మేలు రుజువు కావడం అన్న మూడు షరతులు ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. మే నెల ఎండలో, ఏసీ లేని దుకాణంలో, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట చల్లగా ఉంచాల్సిన పొట్లంలో ఆ బ్యాక్టీరియా ఎన్నాళ్లు బతికి ఉందో ఎవరు చూశారు? ప్రోబయాటిక్ ఆహారాలపై భారత వైద్య పరిశోధన మండలి 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ రకం బ్యాక్టీరియా, ఎంత సంఖ్యలో, ఎలా నిల్వ చేయాలి అన్నది పొట్లం మీద ఉండాలి. కొనేవారు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలని మేము కోరుతున్నాం. నెలలో అరిగిపోయే సబ్బు మీద కూడా ఇంతకన్నా స్పష్టంగా రాస్తున్నారు.

ఇక రుజువుల సంగతి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ రాష్ట్రపు పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2017లో నేచర్ పత్రికలో వచ్చాయి. లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌లో ఒక నిర్దిష్ట రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి, తల్లిపాలు తాగుతున్న బిడ్డలకు 7 రోజులు పట్టారు. నెత్తురులో విషం పాకడం లేదా మరణం, ఈ రెండూ కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఊపిరితిత్తుల జబ్బులూ తగ్గాయి. ఖర్చు స్వల్పం. మన పొరుగు పల్లెల్లో, మన పిల్లల వంటి పిల్లల మీదే తేలిన ఫలితమిది. తేలికగా తీసుకోదగ్గది కాదు.

అలాగని ఏ పొట్లమైనా అదే పని చేస్తుందనుకుంటే మోసపోతాం. ఆ ప్రయోగం ఒక రకానిది, ఒక వయసుది. కనీసం 35 వారాలు నిండి, 2 కిలోలకు తగ్గని బరువుతో పుట్టిన బిడ్డలది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు వచ్చే విరేచనాలను కొన్ని రకాలు తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. పిల్లల్లో వాంతులు, విరేచనాలకు మాత్రం వాటిని వాడవద్దనే అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో సూచించింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, యాంటీబయాటిక్స్ తరవాత ప్రోబయాటిక్స్ మింగినవారి సొంత బ్యాక్టీరియా, ఏమీ మింగనివారితో పోలిస్తే ఆలస్యంగా కోలుకుంది. మన దుకాణాల్లో యాంటీబయాటిక్ కొన్న ప్రతివారి చేతిలో తోడుగా ఒక పొట్లం పెట్టేది సరిగ్గా ఆ సందర్భంలోనే.

పసిబిడ్డకు అసలైన ఏర్పాటు తల్లిపాలలోనే ఉంది. లాక్టోజ్, కొవ్వు తరవాత తల్లిపాలలో ఎక్కువగా ఉండే ఘనపదార్థం కొన్ని రకాల చక్కెర గొలుసులు. బిడ్డకు అవి అరగవు. అరగకపోయినా అవి ఉన్నాయంటే, పేగుల్లోని బిఫిడో బ్యాక్టీరియా కోసం. ముర్రుపాలు ఐజీఏతో నిండి ఉంటాయి. అయినా తొలి గంటలో ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆశా కార్యకర్తలు చెప్పినా అత్తగారి మాటే చెల్లుతోందంటే, ఇక చెప్పవలసింది అత్తగారికే.

పెద్దవాళ్ల తిండి విషయానికి వస్తే ఉత్తరాంధ్ర బీదది కాదు. చోడి (రాగి) అంబలినే చూడండి. సాయంత్రం చోడి పిండిని నీళ్లలో కలిపి ఉంచితే తెల్లారేసరికి పులిసి, పైన సన్నని నురగ తేలుతుంది. ఉడుకుతున్న నూకల్లో దాన్ని పోసి అడుగంటకుండా కలిపి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. పొయ్యి మీద ఉడికినప్పుడు పులియబెట్టిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అంబలిలో తిరిగి ప్రాణమున్న బ్యాక్టీరియాను చేర్చేది చివర్లో పోసే మజ్జిగే. పులియడం మాత్రం వృథా కాదు. చోళ్లలోని ఖనిజాలను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం విరిగి, ఇనుము, జింకు ఒంటికి పట్టే వాటా పెరుగుతుంది. చోళ్లలోని పీచు పెద్దపేగు దాకా చేరి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన వేగావతి రకంలో ఇనుము మామూలు రకాల కంటే ఎక్కువ. జిల్లా నది పేరు పెట్టుకున్న ఆ రకం జిల్లా అంగన్‌వాడీల వంటింట్లోకి ఎంత చేరుతోందో అధికారులు చెప్పగలగాలి.

చద్దన్నం గురించి ఫోన్లలో తిరిగే కబుర్లు మాత్రం వడకట్టి తీసుకోవాలి. రాత్రి నానబెడితే అన్నంలో ఇనుము ఇరవై రెట్లు అవుతుందట. ఇనుము గిన్నెలో పుట్టదు. ఉన్నదాంట్లో వంటబట్టేది కొంత పెరుగుతుంది, అంతే. నీళ్లలో నానక, వేడివేడిగా మూతపెట్టి వదిలేసిన అన్నం పాచిపోతే బ్యాసిలస్ సెరియస్ వాంతులు పుట్టిస్తుంది. ఆవకాయను ప్రోబయాటిక్ జాబితాలో చేర్చేవారూ ఉన్నారు. ఉప్పు, ఆవపిండి, నూనె కలిసి బ్యాక్టీరియాను పెరగనివ్వకపోవడం వల్లే అది ఏడాదంతా నిలుస్తుంది. రుచికి తిందాం, మందు అనుకోనక్కరలేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకం బ్యాక్టీరియా ఉందో లెక్క ఉండదు కాబట్టి శాస్త్రపరిభాషలో దాన్ని ప్రోబయాటిక్ అనరు. అయినా 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందిపై చేసిన చిన్న అధ్యయనంలో, 10 వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా తిన్నవారిలో పేగు బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. అంబలి అందులో లేదు, పెరుగు ఉంది.

కిడ్నీ జబ్బులు ప్రబలిన ఉద్దానం వారికి ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్‌పై ఉన్నవారికి తాగే ప్రతి గ్లాసుకూ లెక్క ఉంటుంది, ఉప్పుకూ ఉంటుంది. మజ్జిగ మంచిదని ఎవరో చెబితే చెంబెడు తాగేయడానికి లేదు. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారికి బతికున్న బ్యాక్టీరియా నెత్తురులోకి చేరే ప్రమాదం ఉంది. ప్రోబయాటిక్ పొట్లం చింపే ముందు వారు వైద్యుడిని అడిగి తీరాలి.

ఇంత చెప్పాక అసలు సంగతి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. ఉపముఖ్యమంత్రి వెళ్లారు, విచారణలు జరిగాయి, ట్యాంకర్లు వచ్చాయి. అలాంటి ఊళ్లలో పడకేసినవారే బాధితులని అనుకుంటాం. మలం కలిసిన నీటిని పదేపదే తాగే పసిపిల్లల్లో, విరేచనాలు పైకి కనిపించకపోయినా, చిన్నపేగు లోపలి సన్నని కేశాల వంటి విల్లై పొట్టిబడిపోతాయి. తిన్నది వంటబట్టదు, ఎత్తు పెరగరు. నోటి ద్వారా వేసే టీకాలు కూడా సరిగా పట్టకపోవడానికి ఇదొక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2016లో రోటావైరస్ టీకాను దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. ఆ టీకా తొలి ఏడాదిలో తీవ్ర రోగాన్ని మన దేశంలో సగానికి కాస్త పైగానే ఆపగలిగింది; సంపన్న దేశాల్లో అలాంటి టీకాలు 85 శాతానికి పైగా ఆపుతున్నాయి. సగమైనా కాపాడుతుంది కాబట్టి 6, 10, 14 వారాలకు తప్పక వేయించాలి. మిగతా సగం కోసం చూడవలసింది కుళాయి వైపు.

మురుగు కాలువలోంచి పాకే ప్లాస్టిక్ గొట్టం, దానికి గుడ్డపీలికతో కట్టిన అతుకు, మోటారు ఆగగానే ఆ అతుకులోంచి లోపలికి పీల్చుకునే మురుగు. రెండు జిల్లాల్లోనూ ఏ పంచాయతీకి వెళ్లినా ఈ దృశ్యం అరుదు కాదు. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా ఉండరాదు. క్లోరిన్ చూడటానికి రెండు చుక్కల రసాయనం, రెండు నిమిషాలు చాలు. ట్యాంకు దగ్గర కాక ఊరి చివరి కుళాయి దగ్గర చూడాలి. ఆ అంకె రోజూ గ్రామ సచివాలయం బోర్డు మీద రాయాలి. ఇది వారి దయ కాదు, కనీస విధి.

రెండో పని యాంటీబయాటిక్స్‌ది. పల్లెల్లో విరేచనాలకు మొదటి మందు ఆర్‌ఎంపీ సంచిలోంచి వచ్చే మాత్రే. పిల్లల విరేచనాల్లో చాలావరకు వాటితో పనే లేదు. రోగకారకంతో పాటు మేలు చేసే బ్యాక్టీరియా కూడా అందులో కొట్టుకుపోతుంది. కొన్ని యాంటీబయాటిక్స్‌ను చీటీ లేకుండా అమ్మకుండా, అమ్మిన ప్రతిదానికీ రిజిస్టరు రాసేలా షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. ఔషధ తనిఖీ అధికారులు ఆ రిజిస్టర్లు ఎప్పుడు తెరిచి చూశారో వెల్లడించాలి. విరేచనాలైన బిడ్డకు ఇంట్లో ముందుగా ఉండాల్సింది ఓఆర్‌ఎస్ పొట్లం, 10 నుంచి 14 రోజులకు సరిపడా జింకు మాత్రలు. రెండూ ఉచితంగా ఇవ్వాల్సినవే.

తొలకరి పడితే నాగావళి, వంశధార, చంపావతి తీర గ్రామాలన్నిటా బావులూ బోర్లూ కలుషితమవుతాయి. అప్పటికి గొట్టాల అతుకులు మార్చి, ఊరి చివరి కుళాయి దాకా క్లోరిన్ అందేలా చూసి, ప్రతి అంగన్‌వాడీలో జింకు మాత్రలు నిల్వ పెట్టే బాధ్యత ఇద్దరు కలెక్టర్లది. మే నెలాఖరులోగా మండలాల వారీగా ఆ వివరాలు ప్రకటించాలని కోరుతున్నాం. ప్రకటిస్తే ఈ పత్రికలో యథాతథంగా అచ్చు వేస్తాం.