ముందు మీసమొచ్చినోడికే జెర్సీయా?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు ఇక్కడ అమెరికాలోని మన సంఘం డబ్బు పంపాలనుకుంటోంది. మంచిదే. కానీ జట్లను ఎట్లా ఎంపిక చేస్తారో తేలకుండా పైసా కదలకూడదని నా పట్టు.

మగపిల్లలు జర్రున పొడుగయ్యేది సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ళకు. ఇది సగటు మాత్రమే. ఒకే క్లాసులో ఒకే ఏడు పుట్టిన ఇద్దరి ఎముకల వయసులో, అంటే ఒళ్ళు ఎంతవరకు ఎదిగిందో ఎముకలు చెప్పే వయసులో, మూడు నాలుగేళ్ళ తేడా ఉండొచ్చు. అండర్-14 సెలక్షన్ అంటే ఎవడికి ముందు మీసం మొలిచిందో లెక్క తీయడమే.

మొన్న ఊరికి పోయినప్పుడు నల్లగొండలో ఒక సెలక్షన్ చూశాను. వంద మీటర్ల పరుగు, కొట్టిన బంతి ఎంత దూరం పోతుంది, ఇవే పరీక్షలు. అన్న బూట్లకు ముందు గుడ్డపేలికలు కుక్కి తొడుక్కున్న బక్క పిల్లగాడొకడు, బంతి తన దగ్గరికి రాకముందే తలెత్తి అటూ ఇటూ చూసుకుంటున్నాడు. వచ్చీ రాగానే ఖాళీగా ఉన్నవాడికి ఒక్క తాకుతో ఇచ్చేశాడు. పేరు మాత్రం పిలవలేదు. "ఆట ఉన్నది సార్, గని మస్తు పొట్టోడు. భుజం తాకితే పడిపోతడు" అన్నారు పీఈటీ. నిజమే, రెండుసార్లు పడ్డాడు కూడా. ఆయన్ను తప్పుపట్టలేను. కప్పు రాకుంటే మరుసటేడు బంతులు ఎవరిస్తారు?

మన దగ్గర ఈ మాటెత్తితే చర్చ వెంటనే దొంగ సర్టిఫికెట్ల మీదికి పోతుంది. మా తరంలో హెడ్మాస్టరు వేసిన జూన్ తారీఖే పుట్టినరోజు కాబట్టి, ఆ అనుమానం ఊరికే రాలేదు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చెప్పే టీడబ్ల్యూ3 పరీక్షను మన క్రికెట్ బోర్డు వాడుతోంది. దాంతో దొంగ వయసు పట్టుబడొచ్చు. నిజంగానే పదమూడేళ్ళుండి పదహారేళ్ళ ఒళ్ళున్నవాడి పక్కన నిలబడ్డ బక్కోడికి ఒరిగేదేముంది? ఇక్కడ అమెరికాలో 2026-27 సీజన్ నుంచి చాలా యూత్ లీగుల్లో వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీ జనవరి 1 నుంచి ఆగస్టు 1కి మారుతోందని మన తల్లిదండ్రులు వాట్సాప్‌లో కొట్టుకుంటున్నారు. తేదీ ఎటు జరిపినా ఎవడో ఒకడు చిన్నోడవుతాడు.

పాలమూరులో ఇంకో చిక్కుంది. కడుపునిండా తిండి అందని పిల్లల ఎదుగుదల మరింత ఆలస్యమవుతుంది. వలసపోయే ఇళ్ళ పిల్లల కోసమని చందా వసూలు చేసి, ఒళ్ళు చూసి జట్టు కడితే జెర్సీలు పోయేది తిండికి లోటులేని ఇళ్ళకే. (ఆడపిల్లల సంగతి వేరే రాయాలి. పెద్దమనిషయ్యాక గ్రౌండుకు పంపుతారా లేదా అన్నదే వాళ్ళకు మొదటి సెలక్షన్.)

ముందే ఎదిగినవాడికీ నష్టమే. పన్నెండేళ్ళకు తోసుకుంటూ పోయి గోల్ కొట్టేవాడు పాస్ ఎందుకు నేర్చుకుంటాడు? మిగతావాళ్ళు వాడి ఎత్తుకొచ్చేసరికి కాలికొచ్చిన విద్య ఏమీ ఉండదు.

బెల్జియం ఫుట్‌బాల్ సంఘం ఆలస్యంగా ఎదిగేవాళ్ళ కోసం ఫ్యూచర్స్ పేరుతో వేరే జట్లే నడుపుతోంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు, పెద్దయ్యాక వచ్చే ఎత్తులో 85 నుంచి 90 శాతానికి చేరిన పిల్లల్ని ఒక గుంపుగా ఆడించి చూశాయి. మనకు అంత లెక్కలెందుకు? గోడ మీద గీతలు గీసి ఎత్తును బట్టి కొన్ని మ్యాచ్‌లు పెట్టించవచ్చు. ప్రతి మండలానికి రెండో జట్టు ఉండాలి, దానికీ అవే బూట్లు, అదే భోజనం. పదిహేనేళ్ళు దాటేదాకా ఎవర్నీ ఇంటికి పంపొద్దు. కప్పు సైజు గురించి కమిటీలో అప్పుడే వాదన మొదలైందట. చిన్న కప్పు చాలు, మిగిలింది రెండో జట్టుకు పెట్టండి. ఒప్పుకోకపోతే నా చందా ఈ ఏడు గ్రంథాలయానికి రాసుకోండి.