పికప్ పోయిందండీ బాబూ!

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా కారు ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చాలట, రీకాల్ అట, పైసా ఖర్చు లేదట. మా ఆవిడ చదివి, "రీకాల్ అంటే గుర్తు తెచ్చుకోవడం కదండీ? అమ్మిన మూడేళ్ళకి గుర్తొచ్చామన్నమాట" అంది.

ఉచితమన్నాక ఆగుతామా! పొద్దున్నే షోరూంలో అప్పజెప్పాను. సాయంత్రం తాళాలతో పాటు 3,200 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. "రీకాల్ ఫ్రీయే సార్. ఇది వీల్ అలైన్‌మెంటు, ఏసీ క్లీనింగు." నేనెప్పుడు చెయ్యమన్నానంటే, పొద్దున చదవకుండా సంతకం పెట్టిన కాయితం చూపించాడు. పోనీ, కారు తళతళలాడుతోంది కదా అని, ఆన్‌లైన్‌లో తెప్పించి డిక్కీలో పడేసిన కొత్త మ్యాట్లు అక్కడికక్కడే పరుచుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు శనివారం. సింహాద్రి అప్పన్న దర్శనానికి బయల్దేరాం. ఘాట్ రోడ్డు మొదటి మలుపులోనే నాకు అనుమానం. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా బండి మూలుగుతోందే గానీ ఎక్కట్లేదు. రెండో మలుపులో ఎనిమిది మందిని కుక్కుకున్న ఆటో మమ్మల్ని దాటిపోయింది. అందులో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లాడు నాకు టాటా చెప్పాడు. "దిగి నడవమంటారా బాబూ?" అన్నారు మా అత్తగారు. ఆవిడ జాలిపడే అడిగారు. అదే ఇంకా బాధ.

దేవుడి దగ్గర కూడా దణ్ణం మీద ధ్యాస లేదు. దిగొచ్చి మీటర్లో మైలేజీ చూస్తే గుండె జారిపోయింది. మొన్నటిదాకా 18 చూపించేది, ఇప్పుడు 12!

పై ఫ్లోరులో ఉండే రిటైర్డ్ మాస్టారికి మొర పెట్టుకున్నాను. ఆయనకి తెలీని సంగతి లేదు, క్లుప్తంగా చెప్పే అలవాటూ లేదు. "2015లో ఫోక్స్‌వ్యాగన్ గొడవ గుర్తుందా? ఇన్‌స్పెక్టరొచ్చిన రోజే బుద్ధిగా కూర్చునే క్లాసు లాగా, ఆ డీజిల్ కార్లు పరీక్ష జరుగుతోందని పసిగట్టి అంతసేపే పొగ తగ్గించేవి. మన దేశంలోనే ఆ గ్రూపు కార్లు 3 లక్షల పైచిలుకు వెనక్కి పిలవాల్సొచ్చింది, సాఫ్ట్‌వేర్ మార్చడానికే! మారిస్తే మైలేజీ పోతుందని ఓనర్లంతా ఇలాగే బెంగపడ్డారు. నీకూ అదే అయ్యుంటుందోయ్. అయినా ఇప్పుడు చట్టముంది. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే రీకాల్ చేయించొచ్చు, కోటి దాకా జరిమానా."

"ఆ కోటి నాకిస్తారా మాస్టారూ?"

"నీకెందుకిస్తారోయ్!"

ఇవ్వకపోయినా ఊపు మాత్రం వచ్చింది. రాత్రంతా కూర్చుని కంపెనీకి నాలుగు పేజీల మెయిల్ కొట్టాను. 'మోసం' అన్న మాట తొమ్మిది చోట్ల పడింది.

సోమవారం షోరూంలో గట్టిగానే అరిచాను. ఎడ్వైజరు నిమ్మకు నీరెత్తినట్టు విన్నాడు. "కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు పాత యావరేజీ చెరిగిపోతుంది సార్. ఇదివరకటి 18లో మీ శ్రీకాకుళం హైవే ట్రిప్పులున్నాయి. ఇప్పుడున్నది ఒక్క ఘాట్ రోడ్డే."

"మరి కంపెనీ 22 అని రాసిందే?"

"అది ల్యాబులో రోలర్ల మీద సార్. అక్కడ కొండలుండవు, గాజువాక సిగ్నలూ ఉండదు."

మైలేజీ సరే, పికప్పో? ఓ కుర్ర మెకానిక్ కారెక్కి, పెడల్ ఒక్కసారి నొక్కి, దిగిపోయాడు. వంగి నా కొత్త మ్యాట్ లాగాడు. దాని కింద పాత మ్యాట్. దాని కింద కారు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు, తీస్తే పాతబడుతుందని నేను అపురూపంగా ఉంచుకున్నది. "మూడంతస్తులు కట్టేశారు సార్, పెడల్ సగమే దిగుతోంది" అన్నాడు.

"వారంటీలో వస్తుందా?" అని నోరు జారాను. షోరూం షోరూమంతా నవ్వింది.

సంగతి విని మాస్టారు మాత్రం నవ్వలేదు. "2009లో అమెరికాలో టయోటా 38 లక్షల కార్లని ఈ మ్యాట్ల గురించే రీకాల్ చేసిందోయ్. అక్కడ మ్యాట్‌కి పెడల్ చిక్కుకుంటే బండి ఆగదని భయం. నీది కదల్లేదు, అదృష్టవంతుడివి."

ఇంటికొచ్చేసరికి కంపెనీ జవాబొచ్చి ఉంది. నా ఫిర్యాదుని చాలా తీవ్రంగా తీసుకున్నారట. గురువారం చెన్నై నుంచి సీనియర్ ఇంజినీరు స్వయంగా వస్తున్నాడట.

మ్యాట్లు మళ్ళీ పరిచేద్దామా అని మా ఆవిణ్ణి అడిగాను. ఇంకా జవాబు చెప్పలేదు.