బూజుకు ఆవఘాటు చాలదు

ఆవకాయ కలిపే రోజున ఇంట్లో పెద్దావిడ పెట్టే ఆంక్షలు అందరికీ తెలిసినవే. ముక్కకు తడి ఉండకూడదు, జాడీ ఎండలో పెట్టాలి, తడిచెయ్యి తగలనివ్వకూడదు. ఆ తర్వాతే ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. ఆ ఆవపిండి వెనక పెద్ద కథే ఉంది. ఆవగింజను ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు ఉండదు. నలిగి, కాస్త తేమ తగిలాక గింజలోని ఎంజైమ్ కదిలి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కుపుటాలు అదరగొట్టేది అదే, బూజును ఎదగనివ్వనిదీ అదే. ఆవిరిగా కూడా పనిచేస్తుంది కాబట్టి జపాన్‌లో దీన్ని షీట్లకు పట్టించి ఆహార ప్యాకెట్లలో పెడుతున్నారు. లవంగంలోని యూజెనాల్, వాములోని థైమాల్, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్‌దీ ఇదే కోవ. బూజు కణం పొరనే దెబ్బతీస్తాయి.

అందుకే ఇప్పుడు బ్రెడ్ కవర్ వెనక ‘282’ అంకె చూసి బెంగపడేవారికి ‘ప్రకృతి సిద్ధం’ అన్న మాట తియ్యగా వినిపిస్తోంది. ఆ అంకె బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్‌ది, అనుమతి ఉన్నదే. దాని బదులు బూజు ఆగేంత లవంగనూనె పోస్తే బ్రెడ్ పంటినొప్పి మందులా వాసన కొడుతుంది. పైగా ల్యాబ్‌లో పళ్లెం మీద ఆగిన బూజు ఆహారంలో అంత తేలిగ్గా ఆగదు. కొవ్వు, మాంసకృత్తులు ఆ నూనెలను పట్టి ఉంచేసుకుంటాయి, మోతాదు పెంచక తప్పదు. మొక్క నుంచి వచ్చిందంటే చాలు, మోతాదు అడగక్కర్లేదన్న ధోరణి మాకు నచ్చదు. బియ్యంలో వేసే వేపాకునూ ఇలాగే అన్నింటికీ మందు చేసేశాం. అది పురుగును దూరం పెట్టడానికి వేసేది. తడి గింజకు పట్టే బూజు సంగతి వేరు.

అసలు ప్రమాదం వంటింట్లో కన్నా కల్లంలో ఎక్కువ. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చికి పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే ఈ విషం మామూలు వంట వేడికి పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. ఎండుమిర్చిలో ఇది కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు. ఒకసారి విషం పుట్టాక ఏ లవంగనూనె చల్లినా ఆ సరుకు బాగుపడదు.

కాబట్టి మొక్కల నూనెల మీద పరిశోధనకు డబ్బు పెట్టాల్సిందే. ఏ పంటకు ఏది, ఎంత, రుచి చెడకుండా ఎలా అన్నది తేల్చాలి. లేబుల్ మీద ‘ప్రకృతి సిద్ధం’ అన్న మాట వాడుకునే కంపెనీల నుంచి ఆహార భద్రత సంస్థ రుజువులు అడగాలి. కానీ ముందు టార్పాలిన్ల సంగతి చూడండి. ఇవాళ్టికీ మిర్చి వట్టి నేల మీదే ఆరుతోంది. తెల్లవారుజామున మంచుకు తడుస్తుంది, మధ్యాహ్నం ఎండుతుంది, మర్నాడు మళ్లీ తడుస్తుంది. బూజుకు కావలసింది ఆ తడే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అఫ్లాటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షను ఏనాడో తయారుచేసింది. అది మార్కెట్ యార్డుల్లో ఎన్నిచోట్ల ఉందో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెప్పాలి. యార్డులో తేమ చూసేది రైతుకు ధర కోయడానికే. ఆ తేమ మీటరేదో సరుకు మూటకట్టక ముందే, కల్లంలో రైతు చేతికి అందాలి.