చేప కన్ను పూర్తయ్యేది ఎప్పుడు?

చేపల సాయంతో మనిషికి పోయిన చూపు తిరిగి వస్తుందన్న వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. ఆశపడటంలో తప్పు లేదు. అయితే చేప రెటీనాలో, అంటే కంటి వెనుక కాంతిని పట్టే పొరలో, నాడీకణాలు పుట్టే తీరు చూస్తే, ఆ వార్తలు కాస్త తొందరపడుతున్నాయనిపిస్తుంది.

ఈ పరిశోధనల్లో బాగా వాడేది జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేప. దాని పిండం పారదర్శకం కాబట్టి కన్ను తయారవడాన్ని మైక్రోస్కోపు కింద లైవ్‌గా చూడొచ్చు. రెటీనా మందమంతా సాగి ఉన్న మూలకణంలో కేంద్రకం అటూఇటూ తిరుగుతూ ఉంటుంది. విభజన వేళకు మాత్రం కచ్చితంగా వెలుపలి అంచుకు చేరుతుంది. ఫలదీకరణం జరిగిన 28 గంటల ప్రాంతంలో మొదటి గ్యాంగ్లియన్ కణాలు వస్తాయి. కంటి నుంచి మెదడుకు సంకేతాలు మోసేవి ఇవే. మూడు రోజులయ్యేసరికి ప్రధాన రకాలన్నీ సిద్ధం.

ఇదంతా ముందే రాసిపెట్టిన ప్రణాళిక ప్రకారం జరుగుతుందనుకుంటాం. కానీ 2012లో కేంబ్రిడ్జిలో విలియం హారిస్ బృందం ఒక్కో మూలకణం సంతానాన్ని వెంబడించి చూస్తే, ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంది. ఎన్ని కణాలు, ఏ రకాలు అన్నదాంట్లో యాదృచ్ఛికత చాలానే ఉంది. అయినా రెటీనా మాత్రం ప్రతిసారీ ఒకేలా తయారవుతుంది!

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. చేప బతికినంతకాలం పెరుగుతూనే ఉంటుంది, కన్నూ అంతే. రెటీనా అంచున ఉన్న మూలకణాలు చెట్టు కాండంలో వలయాల్లా కొత్త కణాలను చేరుస్తూ పోతాయి. మధ్యభాగంలో నాడీకణాలకు ఆసరాగా ఉండే ముల్లర్ కణాల నుంచి, మసక వెలుతురులో చూపునిచ్చే దండ కణాలు కొత్తగా పుడతాయి. గాయమైతే ఆ ముల్లర్ కణాలే విభజన చెంది, పోయిన నాడీకణాలను భర్తీ చేస్తాయి. అంటే గాయం మానడం చేపకు కొత్త విద్యేమీ కాదు, రోజూ చేసే పనికి కొనసాగింపని నా అభిప్రాయం.

ముల్లర్ కణాలు మనకూ ఉన్నాయి. గాయమైతే మాత్రం అవి మచ్చ కట్టడానికే మొగ్గుతాయి. ఒక జన్యువును ఆన్ చేస్తే సరిపోతుందా? 2017లో శాస్త్రవేత్త టామ్ రే బృందం ఎదిగిన ఎలుకల ముల్లర్ కణాల్లో, నాడీకణాల పుట్టుకకు తోడ్పడే యాస్‌క్ల్1 (Ascl1) జన్యువును పనిచేయించింది. అదొక్కటే చాలలేదు, క్రోమాటిన్‌ను (కేంద్రకంలో డీఎన్ఏ చుట్టి ఉండే రూపం) వదులు చేసే మందు కూడా ఇవ్వాల్సి వచ్చింది. కొత్త నాడీకణాలు పుట్టాయి, చుట్టుపక్కల కణాలతో కనెక్షన్లూ ఏర్పడ్డాయి. కాకపోతే అవి ప్రధానంగా రెటీనా లోపలి పొరల కణాలు. చూపు క్రమంగా పోయే వంశపారంపర్య వ్యాధి రెటినైటిస్ పిగ్మెంటోసాలో మాత్రం మనిషి పోగొట్టుకునేది కాంతిని పట్టే దండ, శంకు కణాలను.