107 పాయింట్లు కొట్టినా మళ్ళీ పరీక్ష రాయాల్సిందే

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అంటే మనలో చాలామంది ప్రీమియర్ లీగ్ దగ్గరే ఆగిపోతాం, మహా అయితే దాని కింద మెట్టు చాంపియన్‌షిప్ దాకా వెళ్తాం. ప్రీమియర్ లీగ్‌కి నాలుగు మెట్లు కింద నేషనల్ లీగ్ అని ఒకటుంది. 24 టీములు, ఒక్కో టీముకి 46 మ్యాచ్‌లు. ఫుల్‌టైమ్ ప్లేయర్లున్న క్లబ్బులే ఎక్కువ గానీ, పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం ట్రైనింగ్‌కి వచ్చేవాళ్ళతో నడిచే సెమీ ప్రొఫెషనల్ టీములు కూడా వాళ్ళతోనే తలపడుతుంటాయి. ఇంకో మెట్టు కింద నార్త్, సౌత్ డివిజన్లలో అయితే ఎక్కువమంది అలాంటివాళ్ళే. ఈ లీగ్ సీజన్ రిజల్ట్స్ చూస్తే నాకు ఒక్క విషయం అస్సలు మింగుడుపడదు, ఇక్కడ పాయింట్ల టేబుల్‌కి ఉన్న విలువ చాలా తక్కువ.

2022-23 సీజన్ తీసుకోండి. రెక్సమ్ 111 పాయింట్లతో చాంపియన్, రెండో ప్లేస్ నాట్స్ కౌంటీ 107. అంతకుముందు ఈ డివిజన్ రికార్డ్ 2010-11లో క్రాలీ టౌన్ కొట్టిన 105, అంటే రెండో ప్లేస్ టీము కూడా పాత రికార్డ్ దాటేసింది! రెండు టీములూ సీజన్ మొత్తం మీద ఓడింది మూడేసి మ్యాచ్‌లే. గోల్స్ అయితే నాట్స్ కౌంటీవే ఒకటి ఎక్కువ, 117కి 116. వాళ్ళ మెకాలే లాంగ్‌స్టాఫ్ ఒక్కడే లీగ్‌లో 42 కొట్టాడు. ఇంకేం కావాలి? కానీ డైరెక్ట్ ప్రమోషన్, అంటే నేరుగా పై లీగ్‌కి వెళ్ళే చోటు, ఒక్కరికే. రెండో ప్లేస్‌కి ప్లేఆఫే గతి, అంటే రెండు నుంచి ఏడో ప్లేస్ దాకా ఉన్న టీములు మిగిలిన ఒక్క చోటు కోసం ఆడే నాకౌట్.

ఏప్రిల్ 10న ఈ రెండు టీములు రెక్సమ్ గ్రౌండ్‌లో ఆడినప్పుడు ఇద్దరికీ సరిగ్గా 100 పాయింట్లే. స్కోరు 3-2, రెక్సమ్ లీడ్, ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తోంది, అప్పుడు నాట్స్ కౌంటీకి పెనాల్టీ. రెక్సమ్ గోల్‌లో ఉన్నది బెన్ ఫోస్టర్, రిటైరయిపోయిన మనిషిని బతిమాలి తెచ్చుకుని మూడు వారాలు కూడా కాలేదు, వారం కిందే 40 నిండాయి. సెడ్విన్ స్కాట్ కొట్టిన ఆ బంతిని కుడివైపు దూకి ఆపేశాడు. ఒక సీజన్ మొత్తం ఆ ఒక్క కిక్ మీద తేలిపోయినట్టయింది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ప్లేఆఫ్ సెమీస్‌లో బోరమ్ వుడ్ మీద నాట్స్ కౌంటీ హాఫ్ టైమ్‌కి 0-2 వెనకబడింది, ఇంజురీ టైమ్‌లో సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో 120వ నిమిషంలో గోల్ కొట్టి గట్టెక్కింది. వెంబ్లీ ఫైనల్లో ఎదురుగా చెస్టర్‌ఫీల్డ్, లీగ్‌లో వాళ్ళకొచ్చింది 84, అంటే 23 పాయింట్ల తేడా. అయినా 2-2, పెనాల్టీ షూటౌట్. చివరి పెనాల్టీ కొట్టి గెలిపించింది ఎవరనుకుంటున్నారు, అదే సెడ్విన్ స్కాట్. కథగా బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ షూటౌట్ అటు తిరిగి ఉంటే 107 పాయింట్లు గంగలో పోసినట్టే కదా.

పోనీ అప్పుడు తప్పిపోయింది అనుకుందాం, 2024-25లో యార్క్ సిటీకి తప్పలేదు. 96 పాయింట్లతో రెండో ప్లేస్, సెమీస్‌లో సొంత గ్రౌండ్‌లో ఓల్డమ్ చేతిలో 0-3. ఓల్డమ్ లీగ్‌లో ఐదో ప్లేస్, 73 పాయింట్లు, మళ్ళీ అదే 23 తేడా. చివరికి ప్రమోషన్ వాళ్ళకే వచ్చింది. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు, రూల్ ప్రకారమే ఆడి గెలిచారు, సమస్య ఆ రూల్‌తోనే.

అసలు ఈ తలుపు ఎప్పుడూ ఇరుకే. 1987 వరకు ఆటోమేటిక్ ప్రమోషనే లేదు, పైనున్న క్లబ్బులు ఓట్లేసి ఎవర్ని రానివ్వాలో తేల్చేవి. ఆ ఏడాది మొదటిసారి స్కార్‌బరో నేరుగా పైకెళ్ళింది. ఆ తర్వాత కూడా 1994లో కిడర్‌మిన్‌స్టర్, 95లో మాక్లెస్‌ఫీల్డ్, 96లో స్టీవనేజ్, ముగ్గురూ చాంపియన్లే, స్టేడియం ఎలా ఉండాలన్న రూల్స్ అడ్డొచ్చి అక్కడే ఉండిపోయారు. రెండో టీముకి చోటు దొరికింది 2003లో, ప్లేఆఫ్ ద్వారా. అంతే, అప్పటినుంచి గడియారం ఆగిపోయింది.

సరిగ్గా ఒక మెట్టు పైనున్న లీగ్ టూలో మాత్రం నలుగురు పైకి పోతారు, ఇద్దరే కిందకి వస్తారు. నేషనల్ లీగ్ నుంచి ఇద్దరు పైకి, నలుగురు కిందకి. ఈ లెక్కలో నలిగేది ఎవరు? సెమీ ప్రో టీములే. పైకి పోలేని డబ్బున్న క్లబ్బులు ఏళ్ళతరబడి అక్కడే పేరుకుపోతుంటే, పార్ట్‌టైమ్ టీము వాళ్ళతో పోటీపడి ఆ నాలుగు రెలిగేషన్ ప్లేసుల్లో పడకుండా ఎన్నేళ్ళు నెగ్గుకొస్తుంది? ఈ మెట్టు మీద క్లబ్బుల జేబు ఎంత పల్చనో డోవర్ అథ్లెటిక్‌ని చూస్తే తెలుస్తుంది. కోవిడ్ టైంలో గ్రాంట్లు ఆగిపోయి అప్పు తీసుకోమంటే మా వల్ల కాదని మ్యాచ్‌లు ఆడటం మానేశారు, దానికి 12 పాయింట్లు కోత. 2021-22 సీజన్ మొత్తం ఆడి రెండు గెలుపులు, ఏడు డ్రాలతో చివరికి టేబుల్‌లో మిగిలింది ఒకే ఒక్క పాయింట్.

ప్లేఆఫ్ తీసేయమని నేననట్లేదు. ఏడో ప్లేస్ దాకా ఆశ ఉంటుంది, ఏప్రిల్‌లో కూడా గ్రౌండ్లు నిండుతాయి, ఓల్డమ్ ఫైనల్‌కి వెంబ్లీలో 50 వేలకి పైగా వచ్చారు. రెండో ప్లేస్‌ని నేరుగా పంపించి, మూడో చోటు ప్లేఆఫ్‌కి వదిలితే ఈ గోలంతా ఉండదు, యార్క్ వెళ్ళేది, ఓల్డమ్ కూడా వెళ్ళేది. మూడు చోట్లు కావాలని 2025లో నార్త్, సౌత్ డివిజన్లతో కలిపి నేషనల్ లీగ్‌లోని 72 క్లబ్బులూ కలిసి ప్రచారం కూడా మొదలుపెట్టాయి. కాకపోతే ఒప్పుకోవాల్సింది పైనున్న క్లబ్బులు, కూర్చున్న కొమ్మని నరుక్కోమంటే లీగ్ టూ అడుగున ఉన్నవాళ్ళు గొడ్డలి అంత ఈజీగా ఎత్తుతారా?