మహారాజశ్రీ ఫోకస్ పీకింగ్ గారికి

మహారాజశ్రీ ఫోకస్ పీకింగ్ వారి సముఖానికి, చేత్తో ఫోకస్ తిప్పుకునే మాన్యువల్ లెన్సులు వాడేవాళ్లు దండాలు పెట్టి రాసుకుంటున్నది.

ఫోకస్ కుదిరిన అంచులకు రంగుగీత పూసి చూపే తమరు, మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాల వ్యూఫైండర్లో, అంటే కన్ను పెట్టి చూసే చిన్న తెరలో కొలువు తీరాక మాకు చీకూచింతా లేదు. ఫోకస్ రింగు ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట ఎర్రగీతలు మెరుస్తాయి, ఫోటో కుదిరినట్టే. 85 ఎంఎం లెన్సు, ఎఫ్/1.4 (అపర్చర్, అంటే లెన్సు కన్నం, బాగా తెరిచినట్టు; ఆ సంఖ్య పెరిగేకొద్దీ కన్నం చిన్నది), మనిషి మీటరున్నర దూరంలో ఉన్నాడనుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్) మీద స్పష్టంగా పడే మందం ముందూ వెనకా కలిపి రెండున్నర సెంటీమీటర్లు. తమరేమో కనురెప్పలకీ, ముక్కుకీ, చెవి పక్కన జుట్టుకీ ఒకేసారి ఎర్రరంగు పూసి అంతా క్షేమమని కబురు పెడతారు. తీరా కంప్యూటర్లో తెరిస్తే చెవి దగ్గర వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కన్ను మాత్రం మసకగా ఉంటుంది.

తమ లోగుట్టు మాకు తెలియనిది కాదు. తమరు దూరం కొలవరు. పక్కపక్క పిక్సెళ్ల మధ్య వెలుగు ఎక్కడ ఠక్కున మారితే అక్కడ గీత గీస్తారు, అంతే. అందుకే ఆకాశం ముందున్న కొమ్మ కాస్త ఫోకస్ తప్పినా తమకు ముద్దే. సరిగ్గా ఫోకస్‌లో ఉన్న నున్నటి చెంప మాత్రం తమ కంటికి ఆనదు. పైగా తమరు సాధారణంగా చూసేది అసలు బొమ్మనూ కాదు, వ్యూఫైండర్ కోసం కుదించినదాన్ని. 23.6 లక్షల చుక్కల వ్యూఫైండర్లో పిక్సెల్‌కి మూడు రంగుల చుక్కలు పోతే మిగిలేది 1024 × 768. అంటే 24 మెగాపిక్సెళ్ల సెన్సర్లో ముప్పై పిక్సెళ్ల తరఫున అక్కడ కూర్చునేది ఒక్కటే!

అయినా ఈ ముఖస్తుతి తమతో మొదలవలేదు, వంశంలోనే ఉంది. తమకు ముందు ఆటోఫోకస్ డీఎస్ఎల్ఆర్లలో (అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలలో) మ్యాట్ స్క్రీన్ గారు, అంటే వ్యూఫైండర్లో బొమ్మ పడే గరుకు పలక, ఉండేవారు. ఎఫ్/5.6 జూమ్ పెట్టినా వ్యూఫైండర్ చీకటిగా కనబడకూడదని వారిని బాగా మెరుగుపెట్టారు. మెరుగు కోసం వెలుగును చెదరగొట్టడం తగ్గించేసరికి లెన్సు అంచుల నుంచి వచ్చే కిరణాలు కంటిదాకా రావడం మానేశాయి. లెన్సు ఎఫ్/1.4 అయినా కంటికి కనబడే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టంగా పడే మందం) దాదాపు ఎఫ్/2.8ది. నమ్మకం లేనివాళ్లు ప్రివ్యూ బటన్ నొక్కి అపర్చర్‌ను 1.4 నుంచి 2కి, 2.8కి తగ్గించి చూడొచ్చు: వ్యూఫైండర్లో చెప్పుకోదగ్గ మార్పే ఉండదు. కెనాన్ 5డీ మార్క్ 2కి ఈజీ-ఎస్ అని ముతక స్క్రీన్ విడిగా దొరికేది. ఎఫ్/2.8, అంతకన్నా వేగమైన (ఇంకా పెద్ద కన్నమున్న) లెన్సులకు అది నిజం చెబుతుంది. కానీ కస్టమ్ ఫంక్షన్లో స్క్రీన్ రకం మార్చకపోతే ఎక్స్‌పోజర్ గాడి తప్పుతుంది.

ఇక సైజు. 1970లలో వచ్చిన ఒలింపస్ ఓఎం-1 ఫిల్మ్ కెమెరా వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ (దృశ్యం కంటికి ఎంత పెద్దగా కనబడుతుందన్న లెక్క) 0.92. ఏపీఎస్-సి (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరున్న) కెమెరా పెట్టె మీద 0.8 అని ఉంటే సంతోషించకండి, సెన్సర్ ఎన్నోవంతు చిన్నదో చెప్పే క్రాప్ 1.6తో భాగిస్తే తేలేది 0.5. కిటికీ తీసేసి తలుపు కన్నంలోంచి చూడమన్నారన్నమాట.

పాతకాలపు కెమెరాల వ్యూఫైండర్ మధ్యలో ఉండే స్ప్లిట్ ప్రిజం పెద్దమనిషికి ఇన్ని మర్యాదలు తెలియవు. నిలువు గీత రెండు ముక్కలుగా కనబడితే ఫోకస్ లేదు, కలిస్తే ఉంది. అడ్డగీతలే ఉన్నచోట కెమెరాను 45 డిగ్రీలు వంచుకోవాల్సిందే. ఎఫ్/5.6కి అటూ ఇటూగా లెన్సు నెమ్మదిదైతే, లేదా కన్ను మధ్యలో లేకపోతే, సగం ముక్క నల్లబడిపోయేది. "నాకు తెలియడం లేదు బాబూ" అని చెప్పడానికి మొహమాటపడేది కాదు. ఆ ఒక్క గుణం తమకు అబ్బలేదు.

కాబట్టి తమ అనుమతి అడక్కుండానే కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. ముందు డయాప్టర్ చక్రాన్ని (వ్యూఫైండర్‌ను మన కంటిచూపుకు సరిచేసేదాన్ని) దృశ్యం చూస్తూ కాక, వ్యూఫైండర్ లోపలి అంకెలు పదునుగా కనబడేదాకా తిప్పుతున్నాం. అడాప్టర్ మీది పాత లెన్సుకు తన ఫోకల్ లెంగ్త్ చెప్పుకోవడం రాదు గనక, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే) మెనూలో ఆ సంఖ్య మేమే కొడుతున్నాం. లేకపోతే పెద్దది చేసిన బొమ్మ ఊగిపోతుంది. చేత్తో పట్టుకుంటే 5 రెట్లు, ట్రైపాడ్ మీద 10 రెట్లు పెద్దది చేసి, కనురెప్ప మీద రింగును కాస్త దాటించి వెనక్కి తెస్తున్నాం.

ఇక అపర్చర్ దగ్గర మెలిక ఉంది. ఎఫ్/8కి మూసి ఫోకస్ చేస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది, రింగు ఎక్కడ ఆపాలో తెలియదు. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి తర్వాత 2.8కి మూస్తే, పాత 1.4 లెన్సులు చాలావాటిలో స్ఫెరికల్ అబెరేషన్ (లెన్సు అంచు కిరణాలూ మధ్య కిరణాలూ ఒకేచోట కలవకపోవడం) వల్ల ఫోకస్ వెనక్కి జరుగుతుంది. అందుకని ఎఫ్/4 దాకా తీయబోయే అపర్చర్లోనే ఫోకస్. అంతకన్నా మూయాలంటే ఎఫ్/4లో ఫోకస్ చేసి, ఆ పైన రింగు కదలకుండా మూయడం.

తమ పదవి ఊడలేదు. నడిచొచ్చే మనిషి కోసం ముందే ఒకచోట ఫోకస్ పెట్టుకున్నప్పుడు తమరే దిక్కు. మెనూలో తమ స్థాయిని మాత్రం 'తక్కువ'కు దించాం, రంగు తెలుపుకు మార్చాం.

ఇట్లు,
ఫోకస్ రింగులు తిప్పేవాళ్లు